పచ్చళ్ళ పార్శిల్ ఎప్పుడు చేరుతుంది? విదేశాలకు కొత్తగా వెళ్ళిన విజయవాడ, గుంటూరు వారికి కొన్ని సూచనలు

విదేశంలో దిగిన మొదటి నెలలోనే ఇంటికి ఫోను చేసి పచ్చళ్ళు, పొడులు పంపించమని అడగడం మనవారిలో దాదాపు అందరూ చేసే పని. గవర్నరుపేటలోనో బ్రాడీపేటలోనో ఉన్న కొరియర్ దుకాణంవారు "అయిదు రోజుల్లో వెళ్ళిపోతుందండీ" అని చెప్పిన మాటను నమ్మి, ఆరో రోజు నుంచి కంగారు పడడమూ అంతే మామూలు. నేను విదేశంలో ఉన్న తొలి సంవత్సరం మా అమ్మ విజయవాడలోని ఒక దుకాణంలో ఇచ్చిన పెట్టె 26వ రోజున చేరింది. అందులో 18 రోజుల పాటు అది మన దేశం దాటనే లేదన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నేను మాత్రం ఆ రోజులన్నీ అక్కడి పోస్టాఫీసువారిని అనుమానిస్తూ గడిపాను.

పెట్టె అప్పగించిన చోటు చాలాసార్లు అంతర్జాతీయ కొరియర్ సంస్థది కాదనీ, పది ఇళ్ళ పెట్టెలు సేకరించి హైదరాబాదుకో మరో మహానగరానికో పంపి, అక్కడ పెద్ద సంస్థకు అప్పగించే ఏజెంటుదనీ ముందుగా గ్రహించాలి. దుకాణంవారు చెప్పే అయిదు రోజులు పెట్టె ఆ పెద్ద సంస్థ చేతికి వెళ్ళిన నాటి నుంచి మొదలవుతాయి. పైగా అవి పనిదినాలు, శని ఆదివారాలు లెక్కలోకి రావు. బుక్ చేసిన రోజు రసీదు మీద ఇచ్చే నంబరు తరచుగా దుకాణంవారి సొంత నంబరే కనుక, దానితో వెతికితే "బయలుదేరింది" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ కనిపించదు. మూడు రోజులు గడిచినా విమానంలో మోసుకెళ్ళే సంస్థ నంబరు చేతికి రాకపోతే, ఇంట్లోవారిని దుకాణానికి స్వయంగా వెళ్ళి అడగమనండి. ఫోనులో అడిగితే "రేపు ఇస్తామండీ" అనే మాట వారం రోజులు నడుస్తుంది.

మా పెట్టె ఆగిపోవడానికి కారణం తూకం. అప్పడాలు, వడియాలు, జంతికలు బరువుకు తేలిక, చోటుకు ఎక్కువ. కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5000తో భాగించి, వచ్చిన కిలోలను అసలు బరువుతో పోల్చి, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టించుకుంటాయి. 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో నాలుగు కిలోల సరుకే ఉన్నా లెక్క 7.2 కిలోలకు పడుతుంది. మా అమ్మ దగ్గర అసలు బరువుకే డబ్బు తీసుకున్న దుకాణంవారికి పెద్ద సంస్థ మళ్ళీ కొలిచినప్పుడు తేడా వచ్చింది. ఆ తేడా ఎవరు భరించాలన్నది తేలే వరకు పెట్టె గోదాములోనే ఉంది. అందువల్ల పెట్టెను మీ ఇంట్లోవారి ఎదుటే టేపు పెట్టి కొలిపించి, ఆ కొలతలను రసీదు మీద రాయించడం మంచిది.

తపాలా శాఖ వారి అంతర్జాతీయ స్పీడ్ పోస్టులో ఈ గందరగోళం తక్కువ. దాని నంబరు 13 అక్షరాలది: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు (మొదటిది ‘ఇ’), తరువాత తొమ్మిది అంకెలు, చివర ‘ఐఎన్’. పెట్టె చేరాక అక్కడి తపాలా శాఖ వెబ్‌సైటులో కూడా అదే నంబరు పనిచేస్తుంది. అయితే నిబంధనలు మారినప్పుడు ఈ దారీ మూసుకుపోవచ్చు. 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసినప్పుడు, మన తపాలా శాఖ అంతకు నాలుగు రోజుల ముందే ఆ దేశానికి చాలా రకాల పార్శిళ్ళు తీసుకోవడం ఆపి, తిరిగి అక్టోబరు 15న మొదలుపెట్టింది. ఆవకాయ కలపకముందే పోస్టాఫీసులో ఒక మాట కనుక్కోమని చెప్పేది అందుకే.

ఇక చిరునామా. మన దగ్గర "రామాలయం ఎదురు సందు" అని రాసినా పోస్టుమాన్ వచ్చి తలుపు తడతాడు. విదేశాల్లో చాలాచోట్ల అపార్ట్‌మెంటు నంబరు ఒక్కటి లేకపోయినా పెట్టె వెనక్కి పోవచ్చు. జర్మనీలో మాత్రం సాధారణంగా ఫ్లాటు నంబర్లే ఉండవు, కాలింగ్ బెల్లు మీదా తపాలా డబ్బా మీదా ఉన్న పేరును బట్టి ఇస్తారు. మరొకరి పేరు మీద ఉన్న గదిలో చేరిన విద్యార్థి "కేరాఫ్" అని ఆ ఇంటివారి పేరు తప్పక రాయించాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టే మీ పేరు ఉండాలి. ముద్దుపేరుతో వచ్చిన పెట్టెను డిపోకు వెళ్ళి తెచ్చుకోవలసి వస్తే, చిన్నీ అంటే మీరేనని నిరూపించడం కష్టం. ఫోను నంబరు మీ అక్కడి నంబరే ఇవ్వండి.

కస్టమ్స్ పత్రంలో "తినుబండారాలు" అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా ప్రతి వస్తువు పేరు, బరువు, విలువ విడివిడిగా రాయించాలి. అమెరికాకు ఆహారం పంపేటప్పుడు, పెట్టె చేరకముందే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకు ముందస్తు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఇంట్లో స్వయంగా వండి, వండినవారే వ్యక్తిగత బహుమతిగా పంపిన వాటికి దాని నుంచి మినహాయింపు ఉంది; దుకాణంలో కొన్న పచ్చడి సీసాకు లేదు. కనుక రెండూ ఒకే పెట్టెలో కలిపితే కొన్న సీసా కోసం నోటీసు ఇవ్వక తప్పదు. ఐరోపా సమాఖ్య దేశాలకు పాల పదార్థాలు, మాంసం పార్శిల్‌లో పంపకూడదు, నెయ్యి సీసా వద్దనండి. బ్రిటన్‌లో 39 పౌండ్లు, కెనడాలో 60 కెనడా డాలర్ల లోపు విలువైన బహుమతులకు సుంకం గానీ దిగుమతి పన్ను గానీ ఉండదు, కానీ విలువ తగ్గించి రాయించే పని చేయకండి. పెట్టె పోతే పరిహారం ఆ రాసిన విలువను మించి రాదు.

ఫిర్యాదు విషయంలో చాలామంది పొరబడేది ఒకటి ఉంది. కొరియర్‌తో ఒప్పందం పంపినవారిదే తప్ప మీది కాదు. తెనాలి దగ్గర పల్లెలో ఉన్న తల్లిదండ్రులు పెట్టెను ఆర్టీసీ కార్గోలో విజయవాడ బస్టాండుకు పంపి, అక్కడి బంధువు చేత బుక్ చేయిస్తే, ఆధార్ ఇచ్చిన ఆ బంధువే రికార్డులో పంపినవారు. రసీదు ఎవరి పేరున ఉందో వారే రాతపూర్వకంగా అడగాలి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోను చేయవచ్చు. పెట్టె నలిగి వచ్చినా, నూనె కారుతూ వచ్చినా విప్పకముందే ఫోటోలు తీసి, పై అట్టను పారేయకుండా ఉంచి, ఆ ఫోటోలను రసీదు ఎవరి పేరున ఉందో వారికి అదే రోజు పంపండి. రసీదు ఫోటోను మాత్రం బుక్ చేసిన సాయంత్రమే వాట్సాప్‌లో తెప్పించుకోండి, ఆ కాగితం మీద సిరా నెల తిరిగేలోగా మాసిపోతుంది.