బీపీ మానిటర్ మోగుతుంటే ముందు ఏం చూడాలి?

శ్రీకాకుళం నుంచో, పాడేరు నుంచో మనిషిని తీసుకొచ్చి, విశాఖ ఆసుపత్రుల్లో మంచం పక్కన కాపలా కూర్చునే వాళ్ల కోసం ఇది. మానిటర్ కుయ్యిమనగానే "సిస్టరమ్మా, ఏటో మోగిపోతంది" అని పరిగెత్తడంలో తప్పు లేదు. కాకపోతే ఒక్క క్షణం మనిషిని చూడండి. పిలిస్తే పలకకపోయినా, ఒళ్లు చల్లబడి చెమట పట్టినా, ఊపిరికి ఆయాసపడుతున్నా, తెర మీద అంకె ఎంతున్నా వెంటనే పిలవాల్సిందే. ఎర్ర లైటు మిణుకుతూ మోగినా అంతే.

కఫ్ ఎక్కుతోంది, దిగుతోంది, అంకె మాత్రం రావట్లేదు
కఫ్ అంటే చేతికి చుట్టే గాలి పట్టీ. దాన్లోంచి గాలి వదులుతూ, నాడి కొట్టుకున్నప్పుడల్లా అందులో వచ్చే చిన్న కదలికలను బట్టి యంత్రం బీపీ లెక్కకడుతుంది. చెయ్యి కదిపినా, ఏసీ చలికి వణికినా ఆ లెక్క తప్పుతుంది. దుప్పటి కప్పి, మాటలాపి, చెయ్యి కదపకుండా ఉంచితే చాలాసార్లు సరిపోతుంది. గుండె లయ తప్పిన వాళ్లలో ఇది తరచూ తడబడుతుంది. అలాంటప్పుడు చేత్తో చూసే బీపీ మీటరే నయం.

'కఫ్ లూజ్', 'ఎయిర్ లీక్'
వెల్క్రో అరిగి ఊడిందా, ట్యూబు మానిటర్ దగ్గర వదులైందా? అదే 'ఓవర్ ప్రెషర్' అని వస్తే, ట్యూబు ఎక్కడో నొక్కుకుపోయి ఉండొచ్చు. మంచం రెయిలింగ్ సందులో చూడండి, సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

మనిషి బాగానే ఉన్నాడు, అంకె మాత్రం భయపెడుతోంది
ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. సన్నటి కఫ్‌ను లావు చేతికి కడితే బీపీ ఎక్కువగా, పెద్ద కఫ్‌ను బక్క చేతికి కడితే తక్కువగా చూపిస్తుంది. లోపలి గాలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో సుమారు 40 శాతం ఉండాలి. చెయ్యి ఉన్న ఎత్తూ ముఖ్యమే. పేషెంట్ గోడవైపు ఒత్తిగిలితే కఫ్ కట్టిన చెయ్యి పైవైపుకి వస్తే అది గుండె కంటే ఎత్తులోకి వెళ్తుంది. 10 సెంటీమీటర్లు లేస్తే అంకె 7-8 పాయింట్లు తగ్గుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ కొలవమనండి. అప్పుడూ అలాగే వస్తే యంత్రాన్ని అనుమానించకుండా డాక్టర్‌కి చెప్పించండి. తెర మీద బ్రాకెట్లో ఉండే అంకె సగటు బీపీ. పెద్దవాళ్లలో అది 65 కంటే దిగితే సిబ్బంది తేలిగ్గా తీసుకోరు.

కఫ్ బిగుసుకున్నప్పుడల్లా ఆక్సిజన్ అలారం
ఆక్సిజన్ చూసే వేలి క్లిప్పు, కఫ్ ఒకే చేతికి ఉన్నాయి. రక్తం ఆగడంతో క్లిప్పుకి నాడి అందదు. క్లిప్పు రెండో చేతికి మార్పించండి.

సైలెన్స్ బటన్ జోలికి మీరు వెళ్లకండి. మోత ఆగుతుంది గానీ కారణం అలాగే ఉంటుంది. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి మాత్రం కఫ్ కట్టనివ్వద్దు. డ్యూటీ మారినప్పుడల్లా కొత్త సిస్టర్‌కి ఆ మాట మీరే చెప్పండి.