పీహెచ్ తక్కువగా ఉంటే ముందు గది గాలిని అనుమానించండి

ఉప్పునీటి అక్వేరియంలో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తి) 8–9 డీకేహెచ్ (దాని కొలమానం) ఉన్నా పీహెచ్ 7.8 దాటడం లేదా? బఫర్ పొడి వేయకండి. ఆల్కలినిటీ అనవసరంగా పెరుగుతుంది తప్ప, మూసిన గదిలో మన ఊపిరితో పేరుకుని నీటిలో కరిగి పీహెచ్‌ని తగ్గిస్తున్న కార్బన్ డయాక్సైడ్ పోదు.

రెండు గ్లాసుల ట్యాంకు నీళ్లు తీసుకుని, ఒకటి ఆరుబయట, ఒకటి గదిలో పెట్టి ఎయిర్ స్టోన్‌తో గంటసేపు గాలి కొట్టించి పీహెచ్ కొలవండి. బయటిదే పెరిగితే దోషం గది గాలిది. రెండూ పెరిగితే ట్యాంకుకే గాలి చాలడం లేదు. పంపును నీటి పైభాగం బాగా కదిలేలా తిప్పితే చాలు.

గది గాలిదే అయితే కిటికీ తెరవండి, లేదా స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాలను తీసే పరికరం) గాలి పీల్చే గొట్టాన్ని బయటికి పెట్టండి. గొట్టం పొడవుగా, సన్నగా ఉంటే గాలి తగ్గి నురగ పడిపోతుంది, కాబట్టి లావుది వాడండి. బయట పురుగుమందు కొట్టేటప్పుడు మాత్రం తప్పకుండా లోపలికి తీసేయాలి.

అదీ కుదరకపోతే ఆ గొట్టానికే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడా లైమ్ గుళికల డబ్బా (స్క్రబ్బర్) తగిలించండి. గుళికలు పూర్తిగా ఎండితే సరిగా పనిచేయవు. రంగు మారే రకమైతే మారగానే కొత్తవి నింపండి. పీహెచ్ 8.5కి చేరితే స్క్రబ్బర్ తీసేయండి.