పాత డీజిల్ ఫోర్ బై ఫోర్‌కి ఏ ఇంజిన్ ఆయిల్ పోయాలి? (బెంగళూరులో తిరిగే బళ్ల కోసం)

పాత డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నారంటే చాలు, సలహాలకు కరువుండదు. ఫుల్లీ సింథటిక్ తప్ప ఇంకేదీ ముట్టొద్దని ఒకరంటారు, లారీలకు పోసేదే పోసుకోండి ఏం కాదని ఇంకొకరంటారు. పాత థార్ సీఆర్‌డీఈ, సఫారీ డైకార్, పజెరో, మొదటి తరం ఫార్చ్యూనర్ లాంటి బళ్ల విషయంలో నా ఓటు రెండోవాళ్లకే, కాకపోతే ఆ లారీ ఆయిల్ డబ్బా వెనక ఏం రాసుందో చదివాకే.

ముందు ఓనర్స్ మాన్యువల్ తీయండి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు అది రాకపోతే, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఇంజిన్ మోడల్, బండి సంవత్సరం చెప్పి అడగండి. అందులో రెండు విషయాలుంటాయి: గ్రేడు, అంటే 15డబ్ల్యూ-40 లాంటి అంకెలు, రెండోది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) క్వాలిటీ, అంటే సీహెచ్-4, సీఐ-4 లాంటి అక్షరాలు. అందరూ అంకెల గురించే కొట్టుకుంటారు గానీ పాత డీజిల్‌కి అక్షరాలే ముఖ్యం.

అంకెల సంగతి త్వరగా తేల్చేద్దాం. డబ్ల్యూ అంటే వింటర్. 15డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 20 డిగ్రీల చలిలో పరీక్షిస్తారు, 5డబ్ల్యూని మైనస్ 30లో. బెంగళూరులో జనవరి తెల్లవారుజామున కూడా 10 డిగ్రీల కిందికి పోవడం అరుదు, చెన్నైలో ఆ మాత్రం చలి కూడా ఉండదు, మరి మొదటి అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టి ఏం లాభం? చలికాలంలో స్పితి, లద్దాఖ్ వెళ్లే ప్లాన్ ఉంటే అది వేరే లెక్క. రెండో అంకె ఇంజిన్ కాగినప్పుడు ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది, దాన్ని మాత్రం మాన్యువల్‌లో ఉన్నదానికంటే తగ్గించొద్దు. పొగ వస్తోందని చిక్కటి ఆయిల్ పోయించే మెకానిక్‌లు ఉంటారు. ముందు పొగ రంగు చూడండి: నీలంగా ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది, నల్లగా ఉంటే గొడవ ఇంజెక్టర్ల దగ్గరో, ఎయిర్ ఫిల్టర్ దగ్గరో, టర్బో గొట్టాల దగ్గరో ఉంటుంది. నల్లపొగకి ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు.

ఇక అక్షరాలు. ఏపీఐ వరుసలో 'సీ'తో మొదలయ్యేవి డీజిల్‌కి, 'ఎస్'తో మొదలయ్యేవి పెట్రోల్‌కి. సీఐ-4 2002లో వచ్చింది, సీజే-4 2006లో, సీకే-4 2016 చివర్లో. డబ్బా మీద ఎస్ఎన్/సీఎఫ్ అని ఉంటే అది ప్రధానంగా పెట్రోల్ కారు ఆయిలే, ఆ సీఎఫ్ 1990ల నాటి ముచ్చట. సీఐ-4 ప్లస్/ఎస్ఎల్ అని డీజిల్ అక్షరాలు ముందుంటే అది మన సరుకు, ఎందుకంటే డీజిల్ ఇంజిన్‌లో పుట్టే మసిని గడ్డకట్టనివ్వకుండా పట్టుకునే మందులు అందులో ఎక్కువ. మీ బండికి డీపీఎఫ్ (సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్) లేకపోతే సీఐ-4 ప్లస్ చాలు. సీకే-4 కూడా నిక్షేపంగా పోసుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి మనకు దొరికేది సల్ఫర్ బాగా తక్కువున్న (10 పీపీఎం) డీజిలే కాబట్టి, సీకే-4 కాలితే మిగిలే బూడిద తక్కువని, అంటే సల్ఫర్ వల్ల పుట్టే యాసిడ్‌ను అడ్డుకునే మందులు తక్కువని కంగారు అక్కర్లేదు. ఎఫ్ఏ-4 అని కనిపిస్తే మాత్రం పక్కన పెట్టేయండి, అది కొత్త ఇంజిన్ల కోసం చేసిన పలచటి ఆయిల్.

సింథటిక్ పోస్తే ఇంజిన్‌లో ఆయిల్ కారకుండా ఆపే పాత రబ్బరు సీళ్లను తినేస్తుందనే మాట నమ్మకండి. చాలాసార్లు జరిగేదేంటంటే, సీలు ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది, దాన్ని ఏళ్లనాటి జిడ్డు మూసి ఉంచుతుంది, మంచి ఆయిల్ ఆ జిడ్డును కడిగేసరికి లీకు బయటపడుతుంది. కాబట్టి ముందు సీలు మార్పించండి, తర్వాత సింథటిక్ గురించి ఆలోచించండి. నన్నడిగితే ఆ డబ్బుతో ఇంకోసారి ఆయిల్ మార్చుకోవడం మేలు.

ఎందుకంటే ఈ ఊళ్లో కిలోమీటర్ల లెక్క మోసం చేస్తుంది. వారం వారం అనంతపురమో తిరుపతో వెళ్లొచ్చే బండికి సగటు వేగం 50 అనుకుంటే 10,000 కిలోమీటర్లకు ఇంజిన్ తిరిగేది 200 గంటలు. అదే బండి సిల్క్ బోర్డు, మారతహళ్లి మధ్య 20 వేగంతో ఈదుతుంటే అవే కిలోమీటర్లకు 500 గంటలు. మాన్యువల్‌లో సివియర్ కండిషన్స్ అని చిన్న అక్షరాల్లో ఉండేది మన రోజువారీ ఆఫీసు ప్రయాణమే. సిటీ బండికి 5,000 కిలోమీటర్లు లేదా 6 నెలలు, ఏది ముందైతే అది. ప్రతిసారీ ఫిల్టర్ కొత్తది, డ్రెయిన్ బోల్టు కింద వాషర్ కొత్తది.

కొనేటప్పుడు జేసీ రోడ్‌లో తెలిసిన షాపో, పెట్రోల్ బంకో చూసుకోండి. ఈ ఇంజిన్లు చాలావరకు 5 నుంచి 8 లీటర్లు తాగుతాయి, విడి లీటర్ల కంటే పెద్ద డబ్బా చవక. మూత కింద సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చూసి, మీ కళ్లముందే తెరిపించి పోయించండి. ఖాళీ డబ్బా షెడ్డులో వదిలేయకుండా మూతి కోసి పడేస్తే దాంట్లో ఇంకెవరూ నకిలీ నింపరు.

పోసిన 200 కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడిందని టెన్షన్ పడకండి, డీజిల్‌లో అది మామూలే. సమతలంగా ఉన్న చోట ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తీయండి. భయపడాల్సినవి రెండు: మీరేమీ పోయకుండానే లెవెల్ పెరిగి డీజిల్ వాసన రావడం, లేదా ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరగడం. రెండోది కనిపిస్తే బండి స్టార్ట్ చేయకండి, టో చేయించండి.

గేర్ బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచేది), రెండు డిఫరెన్షియళ్లు (ఇరుసుల మధ్య ఉండే గేర్ల డబ్బాలు), వీటి ఆయిళ్లు వేరు, గ్రేడ్లూ వేరు. బండి వాగులో దిగి వస్తే ఆ వారంలోనే చూపించాలి. విప్పేటప్పుడు కింది డ్రెయిన్ బోల్టు కంటే ముందు పైన ఆయిల్ పోసే బోల్టు వదులవుతుందో లేదో చూడమనండి. అది తుప్పుపట్టి బిగుసుకుపోయిందని ఉన్న ఆయిలంతా కార్చేశాక తెలిస్తే, బండి ఆ రోజుకి షెడ్డులోనే.