మార్చి హడావుడికి ముందే ఆఫీసు కంప్యూటర్ల సంగతి చూసుకోండి

గుంటూరులో చిన్న వ్యాపారాలకు, రెండు మూడు ట్రస్టులకు కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. ఫిబ్రవరి సగం దాటిందంటే నా ఫోన్ ఆగదు. మిర్చి యార్డుకు సరుకు పోటెత్తేదీ, ఆర్థిక సంవత్సరం ముగిసేదీ, ఎండలు ముదిరి కరెంటు ఊగిసలాడటం మొదలయ్యేదీ మాకు ఒకేసారి. కొట్టులో గుమాస్తా ఓ పక్క రైతుకు పట్టీ కొడుతూ, ఇంకో పక్క సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు తీస్తూ ఉంటాడు. మధ్యలో ఆడిటర్ గారి నుంచి ఫోను. సరిగ్గా అప్పుడే 'మీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దవుతోంది, ఇక్కడ నొక్కండి' అని మెయిల్ వస్తే చదివి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? నొక్కేస్తారు. పంపినవాడి నమ్మకం కూడా అదే.

అందుకే ఫిబ్రవరిలో రెండు పూటలు దీనికోసం తీసి పెట్టమని అందరికీ చెబుతుంటాను. సగం మంది వింటారు.

బ్యాకప్ 'ఉందిగా' అంటే చాలదు

మూడేళ్ల కిందట ఒక కొట్టులో మార్చి 20 దాటాక ఓ పొద్దున లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక చిన్న ఉత్తరం: డబ్బు కడితే ఫైళ్లకు వేసిన తాళం తీస్తాం అని. ఓనరు గారు మాత్రం నిబ్బరంగానే ఉన్నారు. "రోజూ బ్యాకప్ తీస్తున్నాం కదయ్యా, హార్డ్ డిస్కు అదిగో" అన్నారు. డిస్కు అక్కడే ఉంది నిజమే. ఏడాదిగా ఆ సిస్టమ్‌కే గుచ్చి ఉంది. దాంట్లో ఫైళ్లకూ తాళం పడింది. డిసెంబరులో ఆడిటర్ గారికి పంపిన కాపీ ఒకటి దొరకబట్టి గండం గడిచింది. మిగిలిన మూడు నెలల లెక్కలు పట్టీ పుస్తకాలు ముందేసుకుని ఇద్దరు గుమాస్తాలు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించారు.

దొంగ ఎలా వచ్చాడంటే, ఓనరు గారికి రాత్రిళ్లు ఇంటి నుంచి టాలీ చూసుకోవాలని సరదా. ఎవరో కుర్రాడు రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్‌కు, అంటే దూరం నుంచి ఈ సిస్టమ్‌ను నడిపేందుకు, దారి తెరిచి వెళ్లాడు. పాస్‌వర్డేమో కొట్టు పేరు, పక్కన 123. ఇలా తెరిచి ఉన్న దారుల కోసం ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములుంటాయి, మనిషి కూర్చుని వెతకక్కర్లేదు. ఆ దారి నేను తెరవలేదు. కానీ ఉందేమోనని చూడనూ లేదు. ఆ తప్పు నాదే.

కాబట్టి డేటా మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి కొట్టు బయట ఉండాలి. పెద్ద ఖర్చేం కాదు. రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. ఒక వారం ఒకదాంట్లో, మరుసటి వారం రెండోదాంట్లో కాపీ తీయండి. కాపీ అయిన వెంటనే పీకేయండి. కొట్టులో లేనిది ఇంట్లో బీరువాలో ఉంటుంది. మూడోది క్లౌడ్‌లో. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివాటితో ఒక చిక్కుంది: ఇక్కడ ఫైలు పాడైతే ఆ పాడైనదే పైకీ ఎక్కుతుంది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే వీలుంటుంది గానీ ఎన్ని రోజుల వరకో ముందే చూసి పెట్టుకోండి.

ఇక అసలు పరీక్ష. ఆ డిస్కు తీసుకెళ్లి వేరే సిస్టమ్‌లో డేటా తెరవండి. నిన్నటి క్యాష్ నిల్వ, ఒక పెద్ద పార్టీ ఖాతా బ్యాలెన్సు సరిపోయాయా చూడండి. నేను చూసేచోట్ల మొదటిసారి ఈ పని చేసినప్పుడు దాదాపు ప్రతిచోటా ఏదో ఒక లోపం బయటపడింది. ఒకచోట రెండేళ్లుగా ఖాళీ ఫోల్డర్‌నే కాపీ చేస్తున్నారు!

పాత విండోస్, దొంగ విండోస్

2017 మే 12న ఇలాగే ఫైళ్లకు తాళం వేసే వాన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పలు పోలీసు ఆఫీసుల కంప్యూటర్లకూ తాళం పడింది. విండోస్‌లో అది దూరిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే రెండు నెలల గడువుంది. 'అప్‌డేట్ పెడితే సిస్టమ్ స్లో అవుతుంది' అని ఆపేసిన చోటల్లా ఆ రంధ్రం అలాగే ఉండిపోయింది.

విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. 11 ఎక్కే సిస్టమ్ అయితే ఎక్కించండి. ఎక్కని పాతదాన్ని ఇంటర్నెట్ నుంచి, బ్యాంకు పని నుంచి తప్పించి ప్రింటు తీయడానికో మరిదేనికో వాడుకోండి. ఇక క్రాక్ వేసిన విండోస్, క్రాక్ టాలీ గురించి: తాళం పగలగొట్టి ఇచ్చినవాడు ఇంట్లో ఇంకేం పెట్టి వెళ్లాడో మీకు తెలియదు.

మెయిలు, ఫోను, ఖాతా నంబరు

హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. అంతకుముందు నవంబరులో ఉద్యోగులకు 200కు పైగా మెయిళ్లు పంపారని, ఇద్దరు వాటిని నొక్కారని పోలీసుల దర్యాప్తులో తేలింది. భద్రతలో లోపాలకు 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. బ్యాంకుకే రెండు క్లిక్కులు చాలినప్పుడు మన కొట్టు ఎంత?

మా దగ్గర ఎగుమతిదారులకు తగిలే దెబ్బ ఇంకో రకం. దొంగ మెయిల్‌లో చొరబడి నెలల తరబడి ఊరికే చదువుతూ కూర్చుంటాడు. సరిగ్గా ఇన్‌వాయిస్ వెళ్లే రోజున విదేశీ కొనుగోలుదారుకు 'మా బ్యాంకు ఖాతా మారింది' అని అచ్చం మీలాగే రాస్తాడు. సరుకు ఓడెక్కుతుంది, డబ్బు వాడి ఖాతాలో పడుతుంది. ఖాతా నంబరు మారిందని ఎవరు చెప్పినా, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న ఫోన్ నంబరుకు చేసి గొంతు విని నిర్ధారించుకోండి. ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. మీ మెయిల్‌కు రెండంచెల తనిఖీ (పాస్‌వర్డుతో పాటు ఫోనులోని కోడ్ కూడా అడిగేది) పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే అదే చేయండి.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో వచ్చే ఏపీకే ఫైళ్ల (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించేవి) గురించి గుమాస్తాలకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. కొట్టు యూపీఐ, బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోను వాళ్ల చేతిలోనే ఉంటుంది మరి. తప్పు నొక్కినా తిట్టబోమని కూడా చెప్పండి. తిడతారని భయపడి మధ్యాహ్నం దాకా దాచిన చోటే నష్టం పెరిగింది.

తాళాలు ఎవరి దగ్గరున్నాయి?

ఈ ప్రశ్నకు చాలా ఓనర్లకు జవాబు తెలియదు. మీ జీఎస్టీ లాగిన్‌కు ఇచ్చిన మొబైల్ నంబరు ఎవరిది? చాలాచోట్ల అది ఆడిటర్ గారి ఆఫీసులో ఎప్పుడో మానేసిన కుర్రాడిది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు పోర్టల్‌లో అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. లారీ లోడై గేటు దగ్గర నిలబడి ఉండగా ఓటీపీ ఎవరి ఫోనుకో వెళ్తే ఆ టెన్షన్ చెప్పనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ కూడా అంతే. అది మీ సంతకం. దాన్ని వేరేవాళ్ల సొరుగులో వదిలేస్తే ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇచ్చినట్టే.

ట్రస్టుల్లో ఇది మరీ ఘోరం. సేవ చేయడానికి వచ్చిన వాలంటీరు తన సొంత జీమెయిల్‌తో అన్నీ తెరుస్తాడు, ఉద్యోగమొచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. మార్చి చివర్లో పన్ను మినహాయింపుకు పనికొచ్చే 80జీ రసీదు కోసం దాతలు వరస కడతారు. వాళ్ల పాన్ నంబర్లున్న ఎక్సెల్ షీటు ముగ్గురి వాట్సాప్‌లలో తిరుగుతుంది. మే 31లోగా దాతల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపాలి కాబట్టి ఆ షీటు కావాల్సిందే. కానీ అది ఒక్కచోట, పాస్‌వర్డు పెట్టి ఉండాలి. లాభాపేక్ష లేని సంస్థలకు గూగుల్ ఉచితంగా ఇచ్చే వర్క్‌స్పేస్‌కు దరఖాస్తు చేసుకుని, సంస్థ పేరు మీద మెయిల్ ఐడీలు తీసుకోండి. అడ్మిన్లుగా ఇద్దరు ట్రస్టీలుండాలి. మనిషి వెళ్లిన రోజే అతని లాగిన్ మూసేయాలి. విరాళాల క్యూఆర్ కోడ్ మీద ఇంకోటి అంటించారేమో వారానికోసారి స్కాన్ చేసి పేరు చూడండి.

నాలాంటివాళ్లనూ అడగండి. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) అంటే పాడైతే వచ్చి బాగుచేయడమేనా, లేక అప్‌డేట్లు, బ్యాకప్పులు నెలనెలా చూడటం కూడానా? దూరం నుంచి మీ సిస్టమ్‌లోకి వచ్చే ఎనీడెస్క్ పాస్‌వర్డ్ నా దగ్గర ఎప్పటికీ ఉంటుందా? నా సిస్టమే హ్యాక్ అయితే మీ సంగతేంటి? ఇది వట్టి అనుమానం కాదు. 2024 జూలై చివర్లో సి-ఎడ్జ్ అనే టెక్నాలజీ సంస్థకు రాన్సమ్‌వేర్ (తాళం వేసి డబ్బడిగే వైరస్) తగిలితే, దాని మీద ఆధారపడిన దాదాపు 300 చిన్న బ్యాంకుల్లో చెల్లింపులు తాత్కాలికంగా ఆగిపోయాయి.

యూపీఎస్ సంగతి రెండు ముక్కల్లో. బ్యాటరీ రెండు మూడేళ్లకు నీరసిస్తుంది. టాలీ తెరిచి ఉండగా కరెంటు పోతే డేటా పాడయ్యే అవకాశముంది. సిస్టమ్ ఆఫ్ చేసే పాటి వ్యవధి ఇస్తోందో లేదో పని లేని సమయంలో మెయిన్ ఆపి చూడండి.

జరిగిపోతే

డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఫైళ్లకు తాళం పడిందా, నెట్ వైరు పీకి వైఫై ఆపేయండి. స్క్రీన్‌ను ఫోటో తీయండి. కంగారులో ఫార్మాట్ కొట్టేయకండి, ఆ పాడైన డిస్కును పక్కన పెట్టి కొత్త డిస్కులో పని మొదలుపెట్టండి. కొన్ని రకాల తాళాలకు 'నో మోర్ రాన్సమ్' సైటులో ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. ఇవాళ లేనిది ఆరు నెలలకు రావచ్చు. కంపెనీలు, సంస్థలు ఇలాంటివి ఆరు గంటల్లోగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 నాటి ఆదేశాలున్నాయి. ఈ నంబర్లన్నీ కాగితం మీద రాసి క్యాష్ టేబులు పక్కన అంటించండి. సిస్టమే తెరుచుకోని రోజున సిస్టమ్‌లో రాసుకున్న నంబరు దొరకదు.

ఏప్రిల్ 1న కొత్త ఏడాది లెక్కలు మొదలుపెట్టేముందు మార్చి 31 నాటి డేటాను విడిగా ఒక డిస్కులోకి తీసి, తేదీ రాసి, బీరువాలో పెట్టండి. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలల పాటు లెక్కలు దాచాలని జీఎస్టీ చట్టం చెబుతోంది. డిస్కు అన్నేళ్లు బతుకుతుందని గ్యారంటీ లేదు, ఏడాదికోసారి గుచ్చి చూడండి.