ముడి బియ్యం వండేటప్పుడు ఆర్సెనిక్ తగ్గించుకోవడం ఎలా

ముడి బియ్యపు గింజ ఒకటి తీసుకుని గోటితో గట్టిగా గీకి చూడండి, లేత గోధుమరంగు పొడి రాలుతుంది. అదే తవుడు. మెగ్నీషియం, ఫాస్ఫరస్, మాంగనీసు ఎక్కువగా ఉండేది అందులోనే. 100 గ్రాముల ముడి బియ్యంలో మెగ్నీషియం 110 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, పాలిష్ పట్టాక అది పాతిక ముప్పైకి పడిపోతుంది.

చిక్కేంటంటే ఆర్సెనిక్ అనే విషపదార్థం కూడా ఎక్కువగా చేరేది ఆ పొరలోనే. నీళ్లు నిలిచిన మడిలో మట్టికి గాలి ఆడదు, అప్పుడు మట్టిలోని ఆర్సెనిక్ కరిగి నీళ్లలోకి వస్తుంది, వరి వేళ్లు సిలికాన్‌ని పీల్చుకునే దారిలోనే దాన్నీ లోపలికి లాగేస్తాయి. కాబట్టి ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని ఉన్నంత మాత్రాన ధీమా పడకండి, ఇది పురుగుమందుల వల్ల మాత్రమే వచ్చే సమస్య కాదు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో ఇనార్గానిక్ ఆర్సెనిక్‌కి (ఆర్సెనిక్‌లో ఎక్కువ హాని చేసే రూపం) హద్దు తెల్ల బియ్యంలో కిలోకి 0.2 మిల్లీగ్రాములు, ముడి బియ్యంలో 0.35.

అలాగని ముడి బియ్యం మానేయక్కర్లేదు, వండే పద్ధతి మార్చండి చాలు. ఉత్తినే కడిగితే ఆర్సెనిక్ పెద్దగా పోదు.

కప్పు బియ్యానికి నాలుగు కప్పుల నీళ్లు ముందుగా మరిగించండి. ఎసరు బాగా తెర్లుతున్నప్పుడు కడిగిన బియ్యం పోసి సరిగ్గా 5 నిమిషాలు ఉడకనిచ్చి, ఆ నీళ్లు మొత్తం వార్చేయండి, మసకగా రంగు దిగి ఉంటాయి, వాటిని ఇంకే వంటలోనూ వాడొద్దు. తర్వాత కొత్త నీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని సెగ మీద నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా ఉంచండి. షెఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు 2020లో ఈ పద్ధతిని పరీక్షిస్తే ముడి బియ్యంలో సగానికి పైగా, తెల్ల బియ్యంలో 74 శాతం దాకా ఆర్సెనిక్ పోయింది. ఎక్కువ నీళ్లలో పూర్తిగా ఉడికించి గంజి వార్చినా తగ్గుతుంది, కాకపోతే విటమిన్లు కలిపిన బియ్యమైతే అవీ గంజితోనే పోతాయి.

ఇదంతా మీ నీళ్లు బాగుంటేనే. తాగే నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బోరు నీళ్లు వాడేవాళ్లు ఒకసారి టెస్ట్ చేయించుకోండి, ఎందుకంటే మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

 

పసిపిల్లల విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. వాళ్ల బరువుతో పోలిస్తే తినేది ఎక్కువ, అందుకే రోజూ బియ్యంతో చేసినవే పెట్టకుండా వేరే ధాన్యాలు మార్చి మార్చి పెట్టండి, అయిదేళ్ల లోపు వాళ్లకి పాలకు బదులుగా రైస్ మిల్క్ ఇవ్వొద్దు.