‘కలిశాను’ అని ఇంగ్లిష్‌లో చెప్పాలంటే

రెండోసారి వీడియో కాల్‌లోకి వచ్చిన ఒక క్లయింట్‌తో ‘నైస్ టు మీట్ యు’ అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, నవ్వుతూనే ‘వీ హావ్ మెట్, యాక్చువల్లీ’ అన్నాడు. మనకి ముందే పరిచయం ఉంది కదా అని. నెల క్రితమే ఆయనతో 40 నిమిషాలు మాట్లాడాను. నేనేమో మర్యాదగా పలకరించాననుకున్నాను, ఆయనేమో నన్ను మర్చిపోయిందే అనుకున్నాడు.

అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఇప్పటికి 11 ఏళ్లు, అన్నీ అమెరికా, బ్రిటన్ వాళ్లతో కాల్సే. టీమ్‌లోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు ఈ ‘మీట్’ సంగతే చెప్తాను. గ్రామర్ తర్వాత చూసుకోవచ్చు.

తప్పంతా ‘కలవడం అంటే మీట్’ అని బట్టీ పట్టిన దగ్గరే మొదలవుతుంది. మనం ఒకే మనిషిని నిన్న కలుస్తాం, రేపూ కలుస్తాం, మొదటిసారి కలిసినా అదే మాట. మీట్‌లో మాత్రం రెండు పనులు దాక్కుని ఉన్నాయి. ఒకటి పరిచయం కావడం, అది ఒక మనిషితో ఒక్కసారే జరుగుతుంది. రెండోది అనుకుని ఒకచోట కలుసుకోవడం, అది ఎన్నిసార్లయినా జరగొచ్చు. ‘ఐ మెట్ హర్ ఇన్ 2015’ అంటే 2015లో పరిచయమైంది అని. ‘ఐ మెట్ హర్ ఎట్ సిక్స్’ అంటే అనుకున్నట్టే ఆరింటికి కలిశాను అని. టైమో, పనో తగిలించకుండా ‘ఐ హావ్ మెట్ హర్’ అని ఊరుకుంటే, ఆమె నాకు పరిచయమే అని అర్థం.

నేను వాడే చిట్కా ఒకటుంది. మనసులో తెలుగు వాక్యం అనుకుని, ‘కలిశాను’ తీసేసి ‘పరిచయమయ్యారు’ పెట్టి చూడండి. అర్థం కుదిరితే ధైర్యంగా మీట్ అనేయండి. కుదరకపోతే ఆగి, ఇంకో మాట వెతకండి. పాత క్లయింట్ కనిపించినప్పుడు ‘పరిచయమయ్యారు’ కుదరదు, కాబట్టి ‘గుడ్ టు సీ యు ఎగైన్’. ఫోన్లో, మెయిల్లో మాత్రమే తెలిసిన మనిషి మొదటిసారి ఎదురుగా వస్తే? అప్పుడు మీట్ మళ్లీ పనికొస్తుంది, ‘నైస్ టు ఫైనలీ మీట్ యు ఇన్ పర్సన్’ అంటారు. ఇంకో చిన్న తేడా కూడా ఉంది. వచ్చినప్పుడు ‘నైస్ టు మీట్ యు’, వెళ్లేటప్పుడు ‘నైస్ మీటింగ్ యు’. పాతకాలం మర్యాద తెలిసిన బ్రిటిష్ పెద్దాయన ఎవరైనా పరిచయమవుతూ ‘హౌ డు యు డు’ అంటే అది కుశల ప్రశ్న కాదు, మీ ఆరోగ్యం గురించి చెప్పక్కర్లేదు. అదే మాట తిరిగి అనేస్తే చాలు.

‘హౌ డిడ్ యు టూ మీట్?’ అని భార్యాభర్తల్ని అడిగితే, మీ పరిచయం ఎలా మొదలైంది అని. మా టీమ్ అబ్బాయి ఒకడికి ఈ ప్రశ్న ఎదురైతే ‘బై క్యాబ్’ అన్నాడు. ఆ రోజు ఇద్దరూ ఆ హోటల్‌కి ఎలా వచ్చారో అడుగుతున్నారనుకున్నాడు పాపం. వాళ్ల పెళ్లయి అప్పటికి ఐదేళ్లు.

‘హావ్ యు మెట్ అవర్ న్యూ మేనేజర్?’ అన్నది ఇంకో ఉచ్చు. ఆ మేనేజర్ పక్కనే నిలబడి ఉన్నప్పుడు ఎవరైనా ఇలా అంటే అది ప్రశ్న కాదు, పరిచయం చేయడమే. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ‘నో’ అని నిజాయితీగా చెప్పి ఊరుకుంది. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్కడ ‘నో, ఐ డోంట్ థింక్ వీ హావ్’ అని, వెంటనే మన పేరు చెప్పుకోవాలి. మీరే ఎవరినైనా పరిచయం చేస్తున్నారనుకోండి, మనం ‘ఈయన’ అనే చోట వాళ్లు ‘దిస్ ఈజ్’ అంటారు. ఎదురుగా ఉన్న మనిషిని చూపిస్తూ ‘హీ ఈజ్ మై బ్రదర్’ అంటే అర్థమవుతుంది కానీ, పరిచయం చేసినట్టు ఉండదు.

ఇక ‘సీ’. మనకి చూడటం వేరు, కలవడం వేరు. వాళ్లకి చాలాసార్లు రెండూ ఒకటే. డాక్టర్ని, లాయర్ని, పైఆఫీసర్ని పని మీద కలవడానికి ‘సీ’ వాడతారు. ‘ఐ నీడ్ టు సీ ఎ డాక్టర్’ అంటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి అని. అమ్మానాన్నల్ని, స్నేహితుల్ని కలిసినా ‘ఐ సా దెమ్ లాస్ట్ వీక్’ సరిపోతుంది. దీని పక్కనే ఒక గొయ్యి ఉంది, చూసి నడవాలి. ఎప్పుడు, ఎందుకు అని చెప్పకుండా ‘ఐ యామ్ సీయింగ్ హర్’ అంటే ఆమెతో ప్రేమలో ఉన్నాను, తిరుగుతున్నాను అని. ‘ఐ యామ్ సీయింగ్ హర్ ఎట్ త్రీ, అబౌట్ ద బడ్జెట్’ అనండి, ఏ గొడవా ఉండదు.

అనుకోకుండా కనిపించడం దగ్గర మన తెలుగు చాలా గొప్పది: ఎదురుపడ్డాడు, తారసపడ్డాడు, కనబడ్డాడు, దొరికాడు. ఇన్ని ఉండి కూడా ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి అన్నిటికీ మీటే వాడి, ముందే అనుకుని కలిసినట్టు చెప్పేస్తాం. వాళ్లు ఇక్కడ వాడేది ‘రన్ ఇంటూ’, ‘బంప్ ఇంటూ’. ‘ఐ రాన్ ఇంటూ మై ఓల్డ్ టీచర్’ అంటే మా పాత టీచరు ఎదురుపడ్డారు అని. పరిగెత్తడమూ లేదు, గుద్దుకోవడమూ లేదు. కానీ ‘ఇంటూ’ అనాల్సిన చోట ‘ఓవర్’ అన్నారో, టీచర్ మీద నుంచి బండి పోనిచ్చినట్టు. ఇది నేను నిజంగానే అన్నాను, కాల్‌లో తొమ్మిది మంది ఉండగా. ‘ఈజ్ షి ఓకే?’ అని ఒకావిడ కంగారుగా అడిగేదాకా నాకు తెలియలేదు. ‘ఎన్‌కౌంటర్’ జోలికి మాత్రం వెళ్లకండి. మన చెవికి ఆ మాట వినిపించే తీరు వేరు, వాళ్లకీ అది మామూలు కబుర్లలో వాడే మాట కాదు, కొంచెం బరువైనది.

అనుకుని కలవడానికి మాటలు సందర్భాన్ని బట్టి మారతాయి. పని మీద కూర్చుని మాట్లాడితే అమెరికన్లు ‘మెట్ విత్’ అంటారు. బ్రిటన్‌లో కొందరికి ఆ ‘విత్’ గిట్టదు, ఉత్తి ‘మెట్’ చాలంటారు. నాకైతే ‘విత్’ ఉంటేనే నయం, పరిచయమా, మీటింగా అన్న అనుమానం రాదు. అయితే మనుషులు కానివాటితో ‘మెట్ విత్’ వేరే దారి: ‘మెట్ విత్ రెసిస్టెన్స్’ అంటే వ్యతిరేకత ఎదురైంది. స్నేహితులు కలిస్తే ‘మీట్ అప్’, ‘గెట్ టుగెదర్’. చాలాకాలం తర్వాత కలిసి కబుర్లన్నీ చెప్పుకుంటే ‘క్యాచ్ అప్’. ముందే తెలిసిన వాళ్లతోనే క్యాచ్ అప్ కుదురుతుంది, కొత్త మనిషితో ‘లెట్స్ క్యాచ్ అప్’ అంటే ఎప్పటి కబుర్లని అడుగుతారు. మీట్ తర్వాత మనిషి ముందు ‘టు’ ఎప్పుడూ పెట్టకండి, ‘మెట్ టు హిమ్’ అనేది లేదు. ఎయిర్‌పోర్ట్‌లో ‘ఐ విల్ మీట్ యు’ అన్నారంటే మిమ్మల్ని తీసుకెళ్లడానికి వస్తానని, టాక్సీ బుక్ చేసుకోకండి.

ఆఖరిది, ‘లెట్స్ గెట్ టుగెదర్ సమ్‌టైమ్’. ఇందులో రోజు లేదు, గంట లేదు. మనం ‘వీలైనప్పుడు రండి’ అన్నట్టే. రోజు పేరు వినపడితేనే అది నిజం పిలుపు. ఈ సంగతి తెలియక, ఒకాయన అలా అన్న మర్నాడే మూడు తేదీలు రాసి మెయిల్ పెట్టాను. వారం తర్వాత ‘సౌండ్స్ గ్రేట్, లెట్ మీ చెక్’ అని జవాబొచ్చింది. ఎనిమిదేళ్లయింది, ఇంకా చెక్ చేస్తూనే ఉన్నట్టున్నాడు.