బాత్రూమ్ నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా పైపుకి వాటం ఎలా పెట్టాలి?

మా ఇంటి వెనక డ్రైనేజీ పైపు వేసినప్పుడు కంటి చూపుతోనే వాటం (నీళ్లు పారడానికి ఇచ్చే వాలు) పెట్టేశారు. ఏడాది తిరక్కుండానే నీళ్లు ఎగదన్నాయి. తవ్వి చూస్తే మధ్యలో పైపు ఒకచోట కుంగి, ఆ గుంటలో మడ్డి రాయిలా పేరుకుపోయి ఉంది. గచ్చు పగలగొట్టి మళ్లీ వేయించడానికి పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాలుగు అంగుళాల పైపుకి అడుక్కి పావు అంగుళం వాటం పెట్టుకోండి. అంటే పది అడుగులకి రెండున్నర అంగుళాలు, 40 అడుగులకి 10 అంగుళాలు. ఆరు అంగుళాల పైపైతే అందులో సగం చాలు. అవసరానికి మించి వాటం పెడితే గొయ్యి ఊరికే లోతైపోయి, చివర్లో ట్యాంకు దగ్గర లెవెల్ చాలదు. అందుకే పైపు ట్యాంకులోకి ఎంత లోతులో దిగుతుందో ముందే తేల్చుకోవాలి. ట్యాంకులోకి వచ్చే ఈ పైపు అడుగుభాగం, ట్యాంకు నుంచి బయటికెళ్లే పైపు అడుగుభాగం కన్నా కనీసం రెండు అంగుళాలు పైన ఉండాలి.

ఇక కొలత. రెండు చివర్లా గూటాలు పాతి, లెవెల్ పైపుతో, అంటే నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో, రెండింటి మీదా ఒకే మట్టానికి గుర్తు పెట్టి (గొట్టంలో గాలి బుడగ ఉంటే ఆ లెవెల్ తప్పే), ఆ గుర్తుల మధ్య దారం బిగించండి. 40 అడుగుల దారం నడుమ కిందికి జారుతుంది కాబట్టి మధ్యలో ఇంకో గూటం కావాలి. దారం నుంచి పైపు అడుగుభాగానికి బాత్రూమ్ దగ్గర 18 అంగుళాలుంటే, పది అడుగుల దగ్గర ఇరవైన్నర, ఇరవై దగ్గర 23, చివర 28 రావాలి. గొయ్యి మాత్రం ఇంకో నాలుగు అంగుళాలు లోతు తీసి, ఇసుక పరిచి, తడిపి దిమ్మిస కొట్టండి. పైపు కింద ఇటుక ముక్కలు పెట్టనివ్వకండి, మా పైపు కుంగింది సరిగ్గా రెండు ఇటుకల మధ్యే. నల్లరేగడి నేలైతే ఇసుక ఇంకాస్త మందంగా వేయండి.

పైపులు ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టి పైకి వేసుకుంటూ రావాలి, సాకెట్ (తర్వాతి పైపు దూరే వెడల్పాటి చివర) నోరు బాత్రూమ్ వైపు ఉండాలి. సాకెట్ కింద ఇసుక కొంచెం తీసేస్తే పైపు పొడవునా ఆనుతుంది. ప్రతి పైపు మీదా వాటం చూసుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది: నాలుగు అడుగుల అల్యూమినియం ట్యూబుకి పల్లం వైపు చివర కింద ఒక అంగుళం చెక్క ముక్క కట్టి, సాకెట్ తగలకుండా పైపు మీద పెట్టి, పైన స్పిరిట్ లెవెల్ ఉంచండి. బుడగ మధ్యలో నిలిస్తే పావు అంగుళం వాటం వచ్చినట్టే. మలుపు దగ్గర 90 డిగ్రీల బెండు వద్దు, ఛాంబర్ (మూత తీసి శుభ్రం చేసుకునే చిన్న తొట్టి) కట్టించండి.

మట్టి కప్పకముందే కింది చివర మూసి నీళ్లు నింపి, అరగంట ఆగి జాయింట్లు చూడండి. నీళ్లు వదిలేశాక ఒక చివర టార్చి వేసి, రెండో చివర అద్దం పెట్టి చూస్తే వెలుతురు నిండు చందమామలా గుండ్రంగా కనిపించాలి. ఆ గుండ్రం ఏ వైపు తెగినట్టున్నా మధ్యలో ఎక్కడో పైపు కుంగినట్టో పైకి లేచినట్టో, ఆ ముక్క అప్పుడే సరిచేయించండి. తర్వాత పైపు రెండు పక్కలా చేత్తో ఇసుక కూరి, రాళ్లు లేని మట్టి పొరలు పొరలుగా వేయించండి. కప్పే ముందు టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకుంటే, రేపు బోరు వేసేటప్పుడో చెట్టు నాటేటప్పుడో పైపు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.